ఆసుపత్రి నుండి వంటింటికి: మొదటిరకం మధుమేహ గృహనిర్వహణ – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

ఇన్సులిన్ చరిత్రను సాధారణంగా ప్రయోగశాల చరిత్రగా చదువుతున్నాం. మొదటిరకం మధుమేహం ఉన్నవారి విషయంలో ఆ చరిత్రలో అధికభాగం ఇంట్లో జరిగింది. ఇన్సులిన్ మోతాదును నిర్ణయించే పని 1922 తరువాత క్రమంగా వైద్యుని నుండి రోగికి, రోగి తల్లిదండ్రులకు ఎలా బదిలీ అయిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. మూత్రపరీక్ష, రక్తపరీక్ష, ఆహారపు లెక్క, మందు నిల్వ అనే నాలుగు అంశాల ఆధారంగా ఆ మార్పును వివరిస్తుంది. ఈ బదిలీకి తగిన పదజాలం తెలుగు ఇంటికి ఇంకా పూర్తిగా చేరలేదని, ఆ లోటు ప్రాణాపాయానికి దారితీయగలదని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: మొదటిరకం మధుమేహం, ఇన్సులిన్, గృహనిర్వహణ, వైద్యచరిత్ర, బెనెడిక్ట్ పరీక్ష, గ్లూకోమీటర్, వాడుకమాట.

1. ఉపోద్ఘాతం

మధుమేహం అనగానే తెలుగు సమాజానికి నడివయసు దాటినవారి వ్యాధి గుర్తుకు వస్తుంది. పథ్యం, నడక, మాత్ర దానికి చికిత్సలుగా స్ఫురిస్తాయి. మొదటిరకం మధుమేహం స్వభావం వేరు. ఇందులో శరీర రక్షణవ్యవస్థే క్లోమగ్రంథిలోని బీటా కణాలను నాశనం చేస్తుంది. ఇన్సులిన్ ఉత్పత్తి దాదాపుగా నిలిచిపోతుంది. ఏ వయసులోనైనా రాగల ఈ వ్యాధి బాల్య, కౌమారాలలో ఎక్కువగా బయటపడుతుంది. బయటినుండి ఇన్సులిన్ అందకపోతే రక్తంలో ఆమ్లాలు పేరుకొని, కీటోఎసిడోసిస్ అనే స్థితి ఏర్పడి, రోగి మరణిస్తాడు.

ఈ వ్యాధి ఉన్న పిల్లవాడు వైద్యుని ఎదుట గడిపేది కొన్ని నెలలకొకసారి కొన్ని నిమిషాలు. మిగిలిన కాలమంతా ఎంత ఇన్సులిన్ ఇవ్వాలి, ఎప్పుడు ఇవ్వాలి, అన్నం తినకుండా నిద్రపోతే ఏం చేయాలి అనే నిర్ణయాలు ఇంటివే. ఏ వ్యాధిలోనైనా ఇంటివారు మందు ఇస్తారు. ఇక్కడ మాత్రం ఇంటివారు మోతాదును కూడా నిర్ణయించవలసి వస్తుంది. మోతాదు తక్కువైతే కీటోఎసిడోసిస్, ఎక్కువైతే స్పృహ తప్పడం. ఈ రెండు ప్రమాదాల మధ్య నడిచేదే గృహనిర్వహణ.

ఇన్సులిన్ ఆవిష్కరణపై మైకేల్ బ్లిస్ 1982లో ప్రకటించిన గ్రంథం ఈ రంగంలో ప్రామాణికం. ఇన్సులిన్ ప్రాణాంతక వ్యాధిని దీర్ఘకాలిక వ్యాధిగా మార్చిన తీరును, దానితో పుట్టిన కొత్త బాధలను క్రిస్ ఫ్యూడ్ట్‌నర్ 2003లో చర్చించారు. రాబర్ట్ టాటర్సల్ 2009లో మధుమేహానికి సమగ్రమైన చరిత్ర రాశారు. వీటి వెలుగులో ఈ వ్యాసం రెండు ప్రశ్నలకు పరిమితమవుతుంది. మోతాదు నిర్ణయం ఏయే దశల్లో ఇంటికి వచ్చింది? ఆ నిర్ణయానికి కావలసిన మాటలు తెలుగు ఇంటికి వచ్చాయా?

2. ఇన్సులిన్‌కు ముందు: ఆకలే చికిత్స

మూత్రంలో తీపి ఉండే వ్యాధిని భారతీయ వైద్యగ్రంథాలు చాలా ముందుగానే గుర్తించాయి. సుశ్రుతసంహిత ప్రమేహాన్ని సహజం, అపథ్యనిమిత్తం అని రెండుగా విభజించి, మొదటిదానిలో రోగి కృశించి ఉంటాడని, రెండవదానిలో స్థూలంగా ఉంటాడని చెప్పింది. ఈ విభజనను నేటి మొదటి, రెండవ రకాలతో యథాతథంగా సమీకరించడం చారిత్రకంగా సరికాదు. రోగలక్షణాలలో భేదాన్ని గమనించిన సూక్ష్మదృష్టిగా మాత్రం దానిని గౌరవించాలి.

1889లో స్ట్రాస్‌బర్గ్‌లో మింకోవ్‌స్కీ, ఫాన్ మేరింగ్ ఒక కుక్క క్లోమాన్ని తొలగించినప్పుడు దానికి మధుమేహం రావడంతో వ్యాధికీ క్లోమానికీ సంబంధం రుజువైంది. కారణం తెలిసినా మందు దొరకడానికి మరో మూడు దశాబ్దాలు పట్టింది. ఆ మధ్యకాలంలో అమెరికాలో ఫ్రెడరిక్ అలెన్ ప్రచారం చేసిన చికిత్స ఉపవాసం. శరీరం భరించగలిగినంత ఆహారాన్ని మాత్రమే, అంటే బతకడానికి చాలీచాలనంత మాత్రమే, తూచి ఇచ్చేవారు. మరణం కొంత వాయిదా పడేది. పిల్లలు ఎముకల గూళ్లుగా మారేవారు.

ఇంటి పాత్ర ఈ దశలోనే మొదలైంది. బోస్టన్ వైద్యుడు ఇలియట్ జోస్లిన్ 1918లో వైద్యుడూ రోగీ కలిసి ఉపయోగించుకోవడానికి ఒక కరదీపిక ప్రచురించారు. రోగికి వ్యాధి గురించి నేర్పడం చికిత్సలో భాగమనే భావన ఇన్సులిన్ కంటే ముందే పుట్టిందని దీనివల్ల తెలుస్తుంది. అయితే అప్పటికి ఇంటికి అప్పగించిన పని ఒక్కటే: ఆకలితో ఏడ్చే బిడ్డకు అన్నం పెట్టకుండా ఉండడం.

3. సూది ఇంటికి చేరిన వైనం

1921 వేసవిలో టొరంటో విశ్వవిద్యాలయంలో బాంటింగ్, బెస్ట్ ప్రారంభించిన ప్రయోగాలు మెక్‌లియాడ్ పర్యవేక్షణలో సాగి, కొలిప్ చేసిన శుద్ధితో ఫలించాయి. 1922 జనవరి 11న 14 ఏళ్ల లియొనార్డ్ థాంప్సన్‌కు ఇచ్చిన మొదటి సూది ఆశించిన ఫలితం ఇవ్వలేదు. జనవరి 23న కొలిప్ శుద్ధిచేసిన సారంతో చికిత్స మళ్లీ మొదలుపెట్టాక బాలుడు కోలుకున్నాడు. ఇన్సులిన్ పేటెంటును ఆవిష్కర్తలు ఒక్కొక్కరు ఒక డాలరుకు విశ్వవిద్యాలయానికి అప్పగించడం, 1923లో బాంటింగ్, మెక్‌లియాడ్‌లకు నోబెల్ రావడం సుపరిచితమైన కథ.

గృహచరిత్ర దృష్టితో చూస్తే అదే సంవత్సరం టొరంటో వచ్చిన మరొక రోగి ముఖ్యురాలు. అమెరికా విదేశాంగమంత్రి చార్లెస్ ఎవాన్స్ హ్యూస్ కుమార్తె ఎలిజబెత్‌కు 11 ఏళ్ల వయసులో, 1919లో మధుమేహం బయటపడింది. మూడేళ్లు అలెన్ పద్ధతిలో ఆకలిని భరించిన ఆమె 1922 ఆగస్టులో బాంటింగ్ దగ్గరకు చేరేనాటికి బరువు సుమారు 20 కిలోలు. ఇన్సులిన్‌తో కోలుకుంది. తన సూది తానే వేసుకోవడం నేర్చుకుంది. చదువు, వివాహం, సంతానం, ప్రజాసేవలతో నిండిన జీవితం గడిపి 1981లో మరణించింది. సుమారు 58 ఏళ్లపాటు ఆమెను బతికించిన చికిత్స ప్రతిరోజూ ఇంట్లోనే జరిగింది. అంతటి విజయాన్ని ఆమె బహిరంగంగా చెప్పుకోలేదు. తన వ్యాధిని జీవితకాలమంతా దాదాపు రహస్యంగా ఉంచింది. ఈ మౌనం మనకు కొత్త కాదు. ఆడపిల్లకు ఇన్సులిన్ సూదులు వేస్తున్నామని తెలిస్తే పెళ్లి కుదరదేమోనని దాచే తెలుగు కుటుంబాలలోనూ ఇదే మౌనం ఉంది. గృహనిర్వహణకు లిఖితచరిత్ర తక్కువగా ఉండడానికి ఈ దాపరికం ఒక ప్రధాన కారణం.

ఆ తొలితరం ఇళ్లలో సూది వేయడం చిన్న పని కాదు. గాజు సిరంజిని, లోహపు సూదిని ప్రతిసారీ నీళ్లలో మరిగించాలి. మొద్దుబారిన సూదిని సానరాయి మీద పదును పెట్టాలి. 1936లో హాగెడార్న్ డెన్మార్క్‌లో రూపొందించిన ప్రొటమిన్ ఇన్సులిన్ వంటి దీర్ఘకాలం పనిచేసే రకాలు వచ్చాక సూదుల సంఖ్య తగ్గింది. ఒకసారి వాడి పారవేసే ప్లాస్టిక్ సిరంజీలు, 1985లో మొదటి ఇన్సులిన్ పెన్ను ఆ శ్రమను ఇంకా తగ్గించాయి.

సూది ఇంటికి చేరింది గానీ మోతాదు నిర్ణయం వెంటనే చేరలేదు. వైద్యుడు రాసిన సంఖ్యను ఇంటివారు పాటించేవారు. దీనికి మినహాయింపుగా నిలిచినవారిలో లండన్ వైద్యుడు ఆర్.డి. లారెన్స్ ఒకరు. తానే మధుమేహరోగి అయి, 1923లో ఇన్సులిన్ అందుబాటులోకి రావడంతో బతికిన లారెన్స్, 1925లో రోగుల కోసం కూడా పుస్తకం రాశారు. 1934లో రచయిత హెచ్.జి. వెల్స్‌తో కలిసి బ్రిటన్‌లో మధుమేహరోగుల సంఘాన్ని స్థాపించారు. రోగి అనుభవం కూడా వైద్యజ్ఞానమేనన్న దృష్టికి ఇది ఒక తొలి రూపం.

4. నీలిరంగు నుండి సంఖ్య దాకా

మోతాదు మార్చాలంటే రక్తంలో చక్కెర ఎంత ఉందో తెలియాలి. దశాబ్దాలపాటు ఇంటికి ఆ దారి లేదు. ఇంట్లో చేయగలిగింది మూత్రపరీక్ష ఒక్కటే. స్టాన్లీ బెనెడిక్ట్ 20వ శతాబ్ది తొలినాళ్లలో రూపొందించిన ద్రావణంతో చేసే పరీక్ష మన కళాశాలల ప్రయోగశాలల్లో నేటికీ పరిచితమే. నీలిరంగు ద్రావణంలో కొన్ని చుక్కల మూత్రం వేసి మరిగిస్తే, చక్కెర పరిమాణాన్ని బట్టి ఆకుపచ్చ, పసుపు, నారింజ, ఇటుక ఎరుపు రంగులు వస్తాయి. చక్కెర లేకపోతే నీలం నీలంగానే ఉంటుంది. 1941లో వచ్చిన క్లినిటెస్ట్ బిళ్ల తానే వేడిని పుట్టించుకోవడంతో దీపం అవసరం తీరిపోయింది.

ఈ పరీక్షకు ఒక మౌలికమైన పరిమితి ఉంది. రక్తంలో చక్కెర డెసీలీటరుకు సుమారు 180 మి.గ్రా. దాటితేనే అది మూత్రంలోకి వస్తుంది. పైగా మూత్రం కొన్ని గంటల క్రితపు స్థితిని చూపుతుంది. రక్తంలో చక్కెర 120 ఉన్నా నీలమే, 40కి పడిపోయినా నీలమే. అర్ధరాత్రి పరీక్షనాళికలో నీలిరంగు చూసిన తల్లికి బిడ్డ క్షేమంగా ఉన్నాడో, స్పృహ కోల్పోయే అంచున ఉన్నాడో ఆ రంగు చెప్పలేదు. అలాంటప్పుడు ఆమె ఆధారపడింది చెమట, వణుకు, చిరాకు, మాట తడబాటు వంటి గుర్తుల మీద. వైద్యగ్రంథాలు పట్టికలుగా రాసిన ఈ లక్షణాలను ఆమె చేతిస్పర్శతో చదివింది.

రక్తాన్ని పరీక్షించే పట్టీలు 1960ల మధ్యలో, వాటి రంగును కొలిచే ఏమ్స్ సంస్థ యంత్రం 1970 ప్రాంతంలో వచ్చాయి. ఆ యంత్రాన్ని తొలుత వైద్యులకు, ఆసుపత్రులకు మాత్రమే అమ్మేవారు. బాల్యం నుండి మొదటిరకం మధుమేహంతో ఉన్న అమెరికన్ ఇంజనీరు రిచర్డ్ బెర్న్‌స్టీన్ వైద్యురాలైన తన భార్య పేరు మీద దానిని సంపాదించి, రోజుకు అనేకసార్లు పరీక్షించుకుంటూ మోతాదును, ఆహారాన్ని సవరించుకున్నాడు. తన అనుభవాన్ని వైద్యలోకం పట్టించుకోకపోవడంతో 45 ఏళ్ల వయసులో వైద్యకళాశాలలో చేరాడు. సొంత రక్తంలోని చక్కెరను తెలుసుకోవడానికి ఒక రోగికి ఎవరి అనుమతి కావాలన్న ప్రశ్న ఈ ఉదంతంలో ఉంది. 1978లో బ్రిటన్ పరిశోధకులు రోగులు ఇంట్లోనే రక్తపరీక్ష చేసుకోగలరని లాన్సెట్ పత్రికలో చూపడంతో ఆ ప్రశ్నకు సమాధానం దొరకసాగింది.

ఈ శ్రమకు ప్రయోజనం ఉందా అన్న సందేహాన్ని 1983–1993 మధ్య అమెరికా, కెనడాలలో 1,441 మందితో జరిగిన డి.సి.సి.టి. అధ్యయనం తీర్చింది. చక్కెరను సాధారణ స్థాయికి దగ్గరగా ఉంచేందుకు తీవ్రచికిత్స పొందినవారిలో, కంటి రెటీనా దెబ్బతినే ముప్పు అది అంతకుముందు లేనివారికి 76 శాతం తగ్గింది. మూత్రపిండాలు, నరాల నష్టమూ గణనీయంగా తగ్గింది. అదే అధ్యయనంలో చక్కెర తీవ్రంగా పడిపోయే ఘటనలు సుమారు మూడు రెట్లయ్యాయి. కళ్లను కాపాడే నియంత్రణే రాత్రి ప్రమాదాన్ని పెంచింది. ఆ ప్రమాదానికి కాపలా కాసే పని ఇంటికే వచ్చింది.

1999 తరువాత వచ్చిన నిరంతర గ్లూకోజ్ పరికరాలు చక్కెర ఎటు వెళ్తున్నదో కూడా చూపుతాయి. మూత్రపరీక్ష గడిచిన గంటలను, రక్తపరీక్ష ఈ క్షణాన్ని, నిరంతర పరికరం రాబోయే అరగంటను తెలుపుతాయి. ఇల్లు ఏ కాలాన్ని చూడగలిగితే అంతమేరకే నిర్ణయాధికారం దానికి దక్కింది. నేటికీ పరికరాల ఖరీదు భరించలేని కుటుంబానికి వర్తమానం కూడా పూర్తిగా కనిపించదు. పట్టీలను పొదుపు చేసే ఇంట్లో చేయని ప్రతి పరీక్షా ఒక ఊహగా మిగులుతుంది.

5. వడ్డన, మోతాదు

పాతరకం ఇన్సులిన్‌ను భోజనానికి సుమారు అరగంట ముందు వేసుకోవాలి. అంటే ఆకలి ఎంతో తెలియకముందే తిండి ఎంతో నిర్ణయించుకోవాలి. సూది పడ్డాక బిడ్డ తినను అంటే కుదరదు. అమెరికాలో 1950లో రూపొందిన ఆహార వినిమయ పట్టికలు రొట్టెముక్క, పాలకప్పు వంటి కొలతలతో ఈ లెక్కను సులభం చేయడానికి ప్రయత్నించాయి.

తెలుగు భోజనానికి ఆ కొలతలు అమరవు. వండిన అన్నం 100 గ్రాములలో సుమారు 28 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. కానీ మన ఇళ్లలో అన్నాన్ని గ్రాములలో వడ్డించరు, గరిటెతో వడ్డిస్తారు. పప్పన్నం తరువాత చారన్నం, చివర పెరుగన్నం అంటూ భోజనం దశలుగా సాగుతుంది. ఎంత తిన్నదీ చివరికి గానీ తేలదు. కొసరి వడ్డించడం ప్రేమకు గుర్తు. ఇన్సులిన్ మోతాదు ఆ కొసరును ముందే లెక్కపెట్టమంటుంది. అందువల్ల ఈ వ్యాధి తల్లి చేతిలోని గరిటెను కొలమానంగా మార్చింది.

1970ల చివర నుండి జర్మనీలోని డ్యుసెల్‌డార్ఫ్‌లో మైకేల్ బెర్గర్ బృందం ఈ సంబంధాన్ని తలకిందులు చేసింది. మోతాదుకు తగినట్టు తినడం మాని, తినేదానికి తగిన మోతాదు వేసుకునేలా రోగులకు శిక్షణ ఇచ్చింది. బ్రిటన్‌లో అదే పద్ధతిపై జరిగిన అధ్యయనం 2002లో వెలువడింది. రోగుల చక్కెర నియంత్రణతోపాటు జీవననాణ్యత కూడా మెరుగైందని అది తేల్చింది. 1996 నుండి వచ్చిన త్వరగా పనిచేసే ఇన్సులిన్లు దీనికి తోడ్పడ్డాయి. ఈ దృష్టితో సంక్రాంతి అరిసె నిషిద్ధపదార్థం కానక్కరలేదు. లెక్కలోకి వచ్చే పదార్థమవుతుంది. పిల్లవాడిని పండుగ పంక్తినుండి వేరుచేయకుండా ఉండడానికి ఆ లెక్క నేర్పే శిక్షణ అవసరం.

6. నిల్వ, సరఫరా

ఇల్లు ఎంత సమర్థమైనా మందు లేకుండా ఏమీ చేయలేదు. రెండవ ప్రపంచయుద్ధకాలంలో జపాన్ ఆక్రమణలో ఉన్న షాంఘైలో శరణార్థిగా ఉన్న ఈవా సాక్స్‌ల్ అనే చెక్ యువతికి మొదటిరకం మధుమేహం ఉండేది. ఇన్సులిన్ దొరకని స్థితిలో ఆమె, ఆమె భర్త విక్టర్ ఒక వైద్యగ్రంథం ఆధారంగా నీటిగేదెల క్లోమం నుండి ఇన్సులిన్ తయారుచేసి, కుందేళ్లపై పరీక్షించి, ఆమెకు వేశారు. అక్కడి ఇతర రోగులకూ ఇచ్చారు. ఆమె 2002 వరకు జీవించింది. అసాధారణమైన ఈ ఉదంతం గృహనిర్వహణకు గల హద్దును చూపుతుంది. అంత సాహసం ప్రతి ఇంటినుండీ ఆశించరాదు. సరఫరా ప్రజావ్యవస్థ బాధ్యత. ప్రపంచ ఆరోగ్యసంస్థ 1977లో ప్రకటించిన మొదటి అత్యవసర మందుల జాబితాలోనే ఇన్సులిన్ ఉంది.

కోస్తా, రాయలసీమ జిల్లాలు భాగంగా ఉన్న మద్రాసు రాష్ట్ర రాజధానిలో, స్టాన్లీ ఆసుపత్రిలో ఎం. విశ్వనాథన్ 1948లో మధుమేహానికి ప్రత్యేక క్లినిక్ ప్రారంభించారు. అటువంటి నగరకేంద్రం నుండి మందుసీసా పల్లెకు చేరాక మొదటి సమస్య వేడి. రిఫ్రిజిరేటర్ లేని ఇంట్లో తడిపిన మట్టికుండే చల్లని చోటు. నీరు ఆవిరయ్యేటప్పుడు కుండ లోపలి వేడి తగ్గుతుందన్న సూత్రం మన ఇళ్లకు తెలిసినదే. వేడి దేశాలలో ఇన్సులిన్ నిల్వకు మట్టిపాత్రలు ఉపకరిస్తాయని 2016లో వెలువడిన అంతర్జాతీయ అధ్యయనం శాస్త్రీయంగా చూపింది.

మరొక సమస్య సిరంజి. మనదేశంలో సీసాలలో వచ్చే ఇన్సులిన్ సాధారణంగా మిల్లీలీటరుకు 40 యూనిట్లది. దానికి ఎర్రమూత సిరంజి వాడాలి. 100 యూనిట్ల ఇన్సులిన్‌కు నారింజమూత సిరంజి. 40 యూనిట్ల సిరంజితో 100 యూనిట్ల మందు తీస్తే అదే గీత దగ్గర రెండున్నర రెట్ల మోతాదు శరీరంలోకి పోతుంది. మూత రంగును గుర్తుపెట్టుకోవడం కూడా ఇంటికి అప్పగించిన వైద్యజ్ఞానంలో భాగమే.

7. ‘షుగర్ తగ్గింది’: ఒక వాడుకమాట పరిశీలన

మధుమేహం అనే పదం తీపిమూత్రం అన్న పాత లక్షణాన్ని మోస్తోంది. ‘చక్కెరవ్యాధి’ తినే పదార్థాన్ని గుర్తుచేసి, బిడ్డకు మిఠాయిలు ఎక్కువ పెట్టారన్న నింద తల్లిపై పడడానికి అవకాశమిస్తుంది. మొదటిరకం మధుమేహం తీపి తినడం వల్ల వచ్చేది కాదు. నేటి వాడుకలో ‘షుగర్’ అన్న ఒక్క మాటే వ్యాధికి, రక్తంలోని పదార్థానికి, మీటరు మీది సంఖ్యకు పేరైంది.

దీనికి ‘తగ్గింది’ అన్న క్రియ తోడైనప్పుడు ప్రమాదం మొదలవుతుంది. ‘జ్వరం తగ్గింది’ అంటే జబ్బు నయమైందని అర్థం. ‘షుగర్ తగ్గింది’ అన్న వాక్యం పెద్దల విషయంలో చాలావరకు శుభవార్త. అదే వాక్యం ఇన్సులిన్ వేసుకున్న పిల్లవాడి విషయంలో, సంఖ్య 70 కంటే దిగువకు వచ్చినప్పుడు, అత్యవసర పరిస్థితి. వెంటనే సుమారు 15 గ్రాముల గ్లూకోజ్ లేదా మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి ఇచ్చి, 15 నిమిషాల తరువాత మళ్లీ పరీక్షించాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి చేర్చాలి. ఫోనులో ‘షుగర్ తగ్గిందట’ అని విన్న నాయనమ్మ ‘మంచిదేగా’ అని ఊరుకుంటే ఆ తప్పు ఆమెది కాదు, మాటది.

రెండవ ప్రమాదం ఇంకా లోతైనది. చికిత్స ప్రారంభించిన తొలి వారాలలో, నెలలలో, మిగిలి ఉన్న బీటా కణాలు కొంత కోలుకోవడం వల్ల ఇన్సులిన్ అవసరం తగ్గవచ్చు. వైద్యులు దీనిని హనీమూన్ దశ అంటారు. ఇది తాత్కాలికం. ‘జబ్బు తగ్గింది’ అని దీనిని అర్థం చేసుకొని సూది మానేస్తే ఫలితం కీటోఎసిడోసిస్. ‘తగ్గడం’ అన్న మాటలో నయమవడం, పరిమాణం తరగడం అనే రెండు అర్థాలు కలిసి ఉండడం ఇక్కడ ప్రాణాలతో ముడిపడిన విషయం. వాడుకలోనే ఉన్న ‘షుగర్ పడిపోయింది’ అన్న మాటను ప్రమాదస్థితికి, ‘అదుపులో ఉంది’ అన్న మాటను సరైన స్థాయికి ప్రత్యేకించి, ‘తగ్గింది’ని ఈ సందర్భంలో విడిచిపెట్టడం మేలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. కొత్త పారిభాషికపదాలను సృష్టించడం కంటే ఉన్న మాటల మధ్య హద్దు గీయడం ఇంటికి ఎక్కువ ఉపయోగపడుతుంది.

8. ముగింపు

• మొదటిరకం మధుమేహ చికిత్సాచరిత్రలో సూది, పరీక్ష, ఆహారపు లెక్క వరుసగా ఇంటికి చేరాయి. వాటితోపాటు మోతాదు నిర్ణయం కూడా చేరింది.

• ఇంటికి లభించిన నిర్ణయాధికారం దాని పరికరాలపై ఆధారపడింది. పరికరాలు అందని ఇంటికి బాధ్యత మాత్రమే బదిలీ అయింది.

• ఈ పని చాలావరకు తల్లుల చేతులమీదుగా సాగింది. దాపరికం వల్ల అది చరిత్రకు ఎక్కలేదు.

• భారత వైద్యపరిశోధన మండలి మొదటిరకం మధుమేహానికి 2022లో మార్గదర్శకాలు ప్రకటించింది. అటువంటి సూచనలు తెలుగు ఇంటికి చేరేటప్పుడు గరిటె, కుండ, వాడుకమాట అనే మూడింటినీ లెక్కలోకి తీసుకోవాలి.

తెలుగు ఇళ్లలో చక్కెర సంఖ్యలు రాసుకున్న నోటుపుస్తకాలు ఉన్నాయి. తేదీ, సమయం, సంఖ్య, వేసిన యూనిట్లు, పక్కన ‘అన్నం తినలేదు’, ‘రాత్రి చెమటలు’ వంటి రెండు ముక్కలు వాటిలో ఉంటాయి. పిల్లవాడు పెద్దయ్యాక అవి పాత కాగితాలతోపాటు పోతున్నాయి. స్త్రీల రచనను, మౌఖికచరిత్రను అధ్యయనం చేస్తున్న తెలుగు పరిశోధకులు వాటిని కుటుంబాల అనుమతితో, పేర్లు బయటపెట్టకుండా సేకరించవలసిన అవసరం ఉంది. ఇన్సులిన్ తెలుగునాట ఎలా పనిచేసిందో చెప్పగల మూలాధారాలు ఆ పుస్తకాలే.